కోళ్ళ మేతలో నెత్తళ్ళు

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది డిగ్రీ చదివేటప్పుడు. దాని రుచి మాత్రం పళ్ళు వచ్చినప్పటి నుంచీ తెలుసు. మాది పర్చూరు అవతల నల్లరేగడి ఊరు. ఎటు చూసినా పత్తి, అది అయిపోతే మిరప. ఊరి చెరువులో ఒకప్పుడు చేపలుండేవట. పత్తికి మందు కొట్టిన డ్రమ్ములు అందులో కడగడం మొదలయ్యాక ఆ చేపను ఎవరూ ఇంటికి తెచ్చుకోలేదు. కాబట్టి మా పేటలో కూలి చేసుకుని బతికే ఇళ్ళకి చేప అంటే చీరాల అవతలి రేవు నుంచి గంపలో వచ్చే ఎండు నెత్తళ్ళే. వేలెడంత కూడా ఉండవు. తలలు తుంచి, ఇసుక పోయేదాకా కడిగి, వంకాయలోనో గోంగూరలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ ఆ పూట కూర ఉన్నట్టు. వట్టిగా వేయించి ఎండుమిరపకాయలతో దంచితే ఆ కారం వారం రోజులు సద్దిలోకి వచ్చేది. నాన్న పత్తి చేలకి మందు కొట్టే పనికి పోయేవాడు. ఆ వాసన ముక్కుకి పట్టి ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. నెత్తళ్ళ కారం కలిపితేనే నాలుగు ముద్దలు లోపలికి పోయేవి.

ఆ నెత్తళ్ళు తెచ్చే ఆమెను అమ్మ ‘వదినా’ అనేది. ఆమె కూడా అమ్మని ‘వదినా’ అనేది. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది సముద్రం మీద బతికే కులం, మాది చేలల్లో బతికే కులం, పైగా మేము చర్చికి పోయేవాళ్ళం. ఎక్కడ కలిసిందో తెలియదు గానీ వరస మాత్రం గట్టిగా కలిసింది. వదినలు కాబట్టి ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. నాకు ఆమె అత్త. చేపలత్త అనేదాన్ని.

బస్సులో గంప పెట్టుకోనివ్వరని ఆమె ఎప్పుడూ తిట్టుకుంటూనే దిగేది. గంప బస్సు మీద, ఆమె బస్సులో. నీచు వాసనని మొహం చిట్లించిన కండక్టరే దిగేటప్పుడు గుప్పెడు నెత్తళ్ళు అడిగి పుచ్చుకునేవాడట. మా పేటలో ఆమె అమ్మకం డబ్బుకి కాదు, మిరపకాయలకి. ఇసుక నేలలో మిరప పండదు, వాళ్ళ పులుసుకేమో దండిగా కారం కావాలి. మాకు చేప లేదు, మిరపకాయలున్నాయి. అందువల్ల సోలకి సోల మారకం. ఇక్కడే యుద్ధం మొదలయ్యేది. అత్త నెత్తళ్ళని సోలలోకి పైనుంచి జారవిడిచేది, గుల్లగా నిండేట్టు. అమ్మ సోలని నేలకేసి తట్టి అణగ్గొట్టేది. తర్వాత అమ్మ మిరపకాయలు పోసే వంతు వస్తే అత్త అరచేత్తో అదిమి, ఇంకా చోటుందని చూపించేది. నీ చేపల్లో సగం ఇసుకని అమ్మ, నీ కాయల్లో సగం తొడిమలని అత్త. అరుపులు విని కొత్తవాళ్ళు నిజంగానే కొట్టుకుంటారనుకునేవాళ్ళు. ఆ అరుపులయ్యాక ఇద్దరూ మా అరుగు మీద ఒకే కంచంలో అన్నం తినేవాళ్ళు.

మాకు ఆ మిరపకాయలు ఎలా వచ్చేవో చెప్పాలి. కోసిన కాయని చేలోనే చదును చేసిన కల్లంలో ఎండబోస్తారు. ఎండిన కాయల్లో ఎర్రనివాటిని వేరుచేసి, రంగు పోయి తెల్లబడినవాటిని పక్కన పోస్తారు. ఆ తెల్లకాయని తాలు అంటారు. రోజంతా కల్లంలో కూర్చుని తాలు ఏరే పని ఆడవాళ్ళది. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, ఇంటికెళ్ళి పసిపిల్లని ఎత్తుకోవాలంటే భయం. పొద్దువాలి లేచేటప్పుడు ఎవరి కొంగులో వాళ్ళు కాసిని తాలు కాయలు మూట కట్టుకునేవాళ్ళు. అడగడం లేదు, ఇవ్వడం లేదు. ఆసామి మంచం మీద కూర్చుని చూస్తుండగానే కట్టుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా సిగ్గుపడితే ఆసామే “కట్టుకోమ్మా, కూరలోకి” అనేవాడు. అది దానం కాదు, కూలిలో భాగమూ కాదు. కల్లంలో పనిచేసిన మనిషి ఉత్త కొంగుతో ఇంటికి పోకూడదు, అంతే. మా అమ్మ పుట్టకముందు నుంచీ అది అలాగే నడిచింది.

తొంభైల చివర్లో ఒక ఏడు చేపలత్త కోతలు సగం అయ్యాక వచ్చింది. గంపలో సగమే ఉంది. అందులోనూ పొట్టు ఎక్కువ. అమ్మ అలవాటుగా పోట్లాట మొదలుపెట్టింది గానీ అత్త ఎదురు చెప్పలేదు. పెద్ద పెద్ద మరబోట్లు ఒడ్డు దగ్గరికొచ్చి అడుగంటా గీకి పోతున్నాయని, పిల్లచేపనీ గుడ్లతో ఉన్న చేపనీ వదలడం లేదని చెప్పింది. వాళ్ళ మగాయన చిన్న తెప్ప మీద పోయి ఉత్త వలతో తిరిగొస్తున్నాడట. పడిన కాస్త చేపనీ వ్యాపారులు రేవులోకే లారీ తెచ్చుకుని, పచ్చిదాన్నే కుప్పలుగా కొనేస్తున్నారట. ఏరేది లేదు, కడిగేది లేదు. ఇసుకలోనే ఎండబోసి గోతాల్లోకి తోసేస్తున్నారు. ఆడవాళ్ళకి ఎండబెట్టే పనీ లేదు, గంప నింపుకునే దారీ లేదు. రొయ్యల చెరువులకట, కోళ్ళకట అని చెప్పింది. అమ్మకి అర్థం కాలేదు. కోళ్ళకి చేపలేంటి, గింజలు తింటాయి గదా అంది.

మరుసటి ఏడు అత్త రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. చీరాలలో ఎండుచేపల కొట్టుంది, కొనుక్కోవచ్చు గదా అని ఇప్పుడెవరైనా నాతో అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేము నెత్తళ్ళు ఏనాడూ డబ్బుతో కొనలేదు. మా చేతికి డబ్బు వచ్చేలోపే దానికి వేరే దారులుండేవి. తాలు కాయకి వచ్చే చేప ఆగిపోయిందంటే మా ఇంటికి చేప ఆగిపోయినట్టే. ఆ తర్వాత పచ్చడి, చారు, మళ్ళీ పచ్చడి. నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోవడం నేను చూశాను. మా చెల్లికి కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరుగారు ఒంట్లో రక్తం లేదు, చేపలూ గుడ్లూ పెట్టండమ్మా అని రాసిచ్చాడు. ఆ కాగితం చూసి అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇంతలో పత్తి వరసగా పోయింది. మా ఆసామి రోడ్డు పక్క చేలో మిరప మానేసి కోళ్ళఫారం పెట్టించాడు. నడిపేది ఆయన అల్లుడు. చదువుకున్నవాడు, పద్ధతి తెలిసినవాడు. లోపలికి పోవాలంటే కాళ్ళు మందునీళ్ళలో ముంచుకోవాలి. ఏడాది పొడవునా పని ఉంటుంది గదా అని అమ్మ అందులో చేరింది. షెడ్లు ఊడవడం, మేత కలపడం ఆమె పని. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, వదిన గంప ఎక్కడికి పోయిందో కనిపెట్టానే అంది. మొక్కజొన్న, తవుడు, గుల్లలతో పాటు మేతలో కలిపే గోతాలు కొన్నుంటాయట. విప్పితే నెత్తళ్ళు. నెత్తళ్ళే కాదు, కవళ్ళు, గోరంత చందువ పిల్లలు, పేరు తెలియని ఇంకెన్నో పిల్లచేపలు, ఇసుకా నత్తలూ అన్నీ కలిపి. ఫారంలో దాన్ని చెత్తచేప అంటారు. అత్త ఏళ్ళ తరబడి తలమీద మోసి తెచ్చిన సరుకుకి ఆ పేరు పెట్టారు. పెద్దదయితే పది ఇళ్ళకి కూర అయ్యే చేపని వేలెడప్పుడే పట్టి, పొడిచేసి, కోడికి పోసి దానికి చెత్త అని పేరు పెట్టడానికి ఎంత పొగరుండాలి.

అమ్మ చేసిన తప్పు, దాన్ని తప్పనాలంటే, ఒక్కటే. ఆమె కోళ్ళఫారాన్ని కల్లం అనుకుంది. అదే ఆసామి, అదే చేను, పొద్దున్నించీ అదే ఏరడం, కలపడం. కాబట్టి సాయంత్రం లేచేటప్పుడు గోతంలోంచి కాస్త మంచి నెత్తళ్ళు ఏరి కొంగున కట్టుకుంది. ఎవరూ చూడకుండా కాదు, కాపలా ఆయనతో కబుర్లు చెబుతూ కట్టుకుంది. ఇంట్లో మళ్ళీ నెత్తళ్ళ కారం వాసన వచ్చింది. నాన్న అన్నం తిన్నాడు. చెల్లికి ఎముకతో సహా నమలమని పెట్టేది. కొన్ని నెలలు అలా గడిచాయి.

సెలవులకి ఇంటికొచ్చిన నేను ఒక సాయంత్రం అమ్మకి ఎదురెళ్ళాను. ఫారం గేటు దగ్గర అల్లుడుగారు నిలబడి ఉన్నాడు. ఆసామి పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. పని దిగిన ఆడవాళ్ళంతా బయటికొస్తున్నారు. అల్లుడుగారు అమ్మ కొంగు చూపించి అదేంటని అడిగాడు. నెత్తళ్ళండీ అంది అమ్మ. విప్పమన్నాడు. సరుకు ఎలా ఉందో చూడాలనుకుంటున్నాడేమో అనుకుని అమ్మ నవ్వుతూనే విప్పింది.

“కోళ్ళ మేత ఎత్తుకుపోతున్నావా? దొంగతనం అనరా దీన్ని?” అన్నాడు ఆయన.

అమ్మ తిరిగి ఆసామి వంక చూసింది. ఆయన చెబుతాడు గదా అన్నట్టు. కల్లంలో ఏళ్ళ తరబడి ‘కట్టుకోమ్మా’ అన్న మనిషి ఆయన. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలి, “పోనీలే అబ్బాయ్. కోళ్ళు తినగా మిగిలిందేదో తింటారు” అన్నాడు.

అల్లుడి మాటకన్నా ఈ మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అల్లుడికి కల్లం తెలియదు, ఆయనకి తెలుసు. నోరు తెరిచి, ఇది మన ఊళ్ళో మామూలేరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మా అమ్మని దొంగతనం నుంచి తప్పించడానికి కోళ్ళ ఎంగిలి తినే మనిషిని చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అల్లుడుగారు గోతం తెప్పించి, కొంగులోవి అందులో దులపమన్నాడు. అమ్మ దులిపింది. కొంగు అంచున అంటుకున్న రెండు మూడు చేపల్ని కూడా గిల్లి తీసి వేసింది. నేను ఏదో అనబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె ఫారానికి పోలేదు. ఎవరూ రావద్దనలేదు, ఆమే పోలేదు. పేటలో కొన్నాళ్ళు మమ్మల్ని ‘కోళ్ళ మేతోళ్ళు’ అన్నారు. అదీ మానేశారు. కానీ అమ్మ మానని పని ఒకటుంది. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఇస్తారు. మనసు శుభ్రంగా లేనివాళ్ళు ఆ రొట్టె తీసుకోకూడదంటారు. అందరూ లేచి ముందుకి వెళ్తుంటే అమ్మ చాప మీదే కూర్చుండిపోయింది. ఆ నెల, ఆ మరుసటి నెల, ఆ తర్వాత ఏళ్ళ తరబడి. చర్చి అయ్యగారు పిలిచి అడిగితే, నా మనసు బాగాలేదయ్యా అని మాత్రం చెప్పిందట. ఇంట్లో నేను అరిచాను. నువ్వు దొంగవి కావు, కల్లంలో కాయ కట్టుకున్నప్పుడు లేని పాపం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందన్నాను. అమ్మ వత్తులు చేసుకుంటున్నట్టు నింపాదిగా కొంగు అంచు నలుపుకుంటూ, “వాళ్ళది కాకపోతే మళ్ళీ గోతంలో ఎందుకు పోయిస్తారే?” అంది. నేను చదివిన చదువంతా కలిపినా ఆ ఒక్క ప్రశ్నకి ఆమె నమ్మే జవాబు దొరకలేదు.

కొన్నాళ్ళకి నాకు మా ఊరి బళ్ళోనే టీచరు ఉద్యోగం వచ్చింది. సమతుల ఆహారం పాఠం చెప్పాలి. చేపలు, గుడ్లు, పాలు అని బొమ్మలు చూపించాలి. ఆహార గొలుసు పాఠమూ చెప్పాలి. నాచుని చిన్న చేప, చిన్న చేపని పెద్ద చేప, దాన్ని మనిషి తింటాడని బాణం గుర్తులతో బోర్డు మీద గీయాలి. ఆ బొమ్మలో లారీ లేదు. కోళ్ళఫారం లేదు. చేప మాయమైతే ఎవరి కంచంలోంచి ముందు మాయమవుతుందో లేదు. మొదటి బెంచీలో కూర్చున్న మా పేట పిల్లల మొహాలు చూస్తూ ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ చాక్‌పీసు విసిరికొట్టాలనిపించేది. గుడ్డు కూడా తిండే గదా, చేప గుడ్డుగా మారి వస్తోంది గదా అని మా స్టాఫ్ రూములో ఒకాయన వాదించాడు. మారి వస్తోంది నిజమే. చేపగా ఉన్నప్పుడు తాలు కాయకి వచ్చేది. గుడ్డుగా మారాక రొక్కమిస్తే గాని రాదు. ఆయనకి ఈ తేడా చెబితే కూడా అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు ఉండటం ఆయనకి సుఖం.

చేపలత్త మళ్ళీ వచ్చింది. గంపతో కాదు, మిరప కోతలకి కూలీగా. సముద్రం వైపు ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో జనం కోతలకి రావడం అప్పటికి మామూలైపోయింది. అమ్మ కల్లంలో తాలు ఏరుతుంటే పక్కన కూర్చున్న ముసలామె ఆమెని మోచేత్తో పొడిచి, సోలని నేలకేసి తట్టే వదినవి నువ్వే గదూ అందట. తెప్ప అమ్మేశారట. మగాయన పడక మీద ఉన్నాడట. తాలు కాయ కూడా ఆ సరికి ఊరికే పోయేది కాదు, కారం మిల్లులవాళ్ళు కొనుక్కుపోతున్నారు. సాయంత్రం ఇద్దరూ ఉత్త కొంగులతో లేచి మా ఇంటికొచ్చారు.

అమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. జన్మంతా తనకి చేప పెట్టిన మనిషి ఇంటికొస్తే ఏం వండి పెట్టాలి? చివరికి నన్ను పిలిచి గుడ్లు తెమ్మంది. మా ఊరి కొట్లలో ఉండేవన్నీ ఆ ఫారం గుడ్లే. గేటు దగ్గర ఆ మాట పడ్డాక ఆ గుడ్డు మా గడప దాటి లోపలికి రాలేదు. నేను అమ్మ మొహం వంక చూశాను. తెమ్మంటే తేవే అని కసిరింది. చింతపండు పులుసు పెట్టి, గుడ్లు వేసి, అత్తకి కంచం నిండా వడ్డించింది.

అత్త గుడ్డు చిదిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. గుడ్డు ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఇది గుడ్డు నీచు కాదు వదినా. ఎండుచేప వాసనేస్తంది” అంది.

అమ్మ గరిట కింద పెట్టింది. గేటు దగ్గర జరిగిందంతా అప్పుడు చెప్పింది. అన్నేళ్ళలో ఆమె తన నోటితో ఆ సంగతి చెప్పడం అదే మొదలు. కొంగు విప్పడం, ఆసామి అన్న మాట, గోతంలో దులపడం, చర్చిలో చాప మీద కూర్చుండిపోవడం, అన్నీ. తలెత్తకుండా, తప్పు ఒప్పుకుంటున్న మనిషిలాగే చెప్పింది. చివరికి, కోళ్ళదే గదా వదినా మరి అంది.

అత్తకి కోపం వచ్చింది. చేతిలో ముద్ద కంచంలో పడేసింది.

“కోళ్ళేమన్నా వలేసి పట్టినాయా?” అంది. “మా రేవులో చేప అది. నీ కాయ నేను తిన్నా, నా చేప నువ్వు తిన్నావు. మధ్యలో వాడెవడు నిన్ను దొంగనేదానికి?”

అమ్మ ఆమె మొహంలోకే చూసింది. తర్వాత ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, నాన్న పోయినప్పుడు కూడా. అత్త ఆమెని ఓదార్చలేదు. కంచం దగ్గరికి లాక్కుని, ఆకలి మీదున్న మనిషి కాబట్టి, తిట్టుకుంటూనే ఆ అన్నం మొత్తం తినేసింది.

నేను అన్నేళ్ళు అరిచి చెప్పినా ఎక్కని మాట అది. మా ఊళ్ళో ఆసామి అనగలిగీ అనని మాట. అది అమ్మ చెవిన పడటానికి తెప్ప పోగొట్టుకుని, రేవు పోగొట్టుకుని ఒక ముసలామె మా కల్లానికి కూలికి రావలసొచ్చింది.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారానికి అత్తావాళ్ళ ట్రాక్టరు వెళ్ళిపోయింది. చర్చిలో అయ్యగారు పిలవగానే అమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడిచి, ముందుకెళ్ళి, కాయలు ఏరి ఎర్రబడ్డ అరచేతులు చాచి రొట్టె తీసుకుంది. ఆమెని దొంగని చేసినవాళ్ళకి ఆమె అన్నేళ్ళు చాప మీద కూర్చుండిపోయిందని తెలియదు, ఆ రోజు లేచిందని కూడా తెలియదు. ఆ తర్వాత అందరం కలిసి ప్రార్థన చెప్పాం. మా పట్ల తప్పు చేసినవాళ్ళని మేము క్షమించామని చెప్పే చోట అమ్మ గొంతు వినిపించింది. నేను అక్కడ నోరు మూసుకున్నాను. ఇప్పటికీ అక్కడికి వచ్చేసరికి మూసుకునే ఉంటాను.